చేతులు వెచ్చబడితే తలనొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 41. రోజంతా కంప్యూటర్ ముందు పని. ఆరేళ్ళుగా తలనొప్పితో బాధపడుతున్నాను. ఎక్కువ రోజులు నుదురు, మెడ బిగుసుకుపోయి సాయంత్రానికి తలకు పట్టీ కట్టినట్టు ఉంటుంది. నెలకు మూడు నాలుగుసార్లు మాత్రం ఒక పక్కే పోటు వస్తుంది, కడుపులో తిప్పుతుంది, వెలుతురు చూడలేను. స్కాన్ చూసి భయపడాల్సింది లేదన్నారు, రెండోది మైగ్రేన్ అన్నారు. వారంలో నాలుగైదు రోజులు నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. నిద్ర కూడా సరిగ్గా లేదు. ఈమధ్య ఒక సెంటర్‌కి వెళ్తే తలకు వైర్ల టోపీ పెట్టి రంగురంగుల బొమ్మ తీశారు. నా మెదడులో బీటా అనే వేగమైన తరంగాలు ఎక్కువగా ఉన్నాయట, 40 సెషన్ల న్యూరోఫీడ్‌బ్యాక్ తీసుకుంటే తలనొప్పి, నిద్ర, టెన్షన్ అన్నీ సర్దుకుంటాయట. మా తొమ్మిదేళ్ళ బాబుకు ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని ఈ ఏడాదే తేలింది. డాక్టర్ మందు మొదలుపెడదాం అంటున్నారు. వాడికీ అవే 40 సెషన్లు చేయిస్తే మందు అక్కర్లేదని సెంటర్‌వాళ్ళు చెప్పారు. డబ్బంతా ముందే కట్టాలట. మావారు ఇదంతా మోసం అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీవారు అన్నట్టు ఇదంతా మోసం కాదు. అలాగని ఆ సెంటర్‌వాళ్ళు చెప్పినట్టు అన్నిటికీ మందూ కాదు. మీరు రాసినవాటిలో బిగుసుకుపోయే తలనొప్పి వేరు, మైగ్రేన్ వేరు, నిద్ర వేరు, బాబు సంగతి వేరు. నాలుగింటికీ ఒకే వైద్యం రాసిచ్చారు కాబట్టే నాకు అనుమానం వచ్చింది.

సూటిగా చెప్తాను. మీ రెండు రకాల తలనొప్పులకూ బయోఫీడ్‌బ్యాక్ పనికొస్తుంది, తప్పకుండా ప్రయత్నించండి. అయితే అది మెదడు తరంగాలతో చేసేది కాదు, కండరాలతో, వేళ్ళ వేడితో చేసేది. మెదడు తరంగాలను తెర మీద చూపించి మార్చుకోవడం నేర్పే న్యూరోఫీడ్‌బ్యాక్ కోసం 40 సెషన్ల డబ్బు ముందే కట్టకండి. బాబుకు డాక్టర్ చెప్పిన వైద్యాన్ని దీనికోసం వాయిదా వేయకండి.

అన్నిటికంటే ముందు మీ మాత్రల సంగతి మాట్లాడాలి. వారానికి నాలుగైదు రోజులంటే నెలకు 15 రోజులు దాటిపోయినట్టే. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, అంతకు మించి వేసుకుంటూ ఉంటే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెట్టడం మొదలుపెడతాయి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలకు, మైగ్రేన్ కోసం ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్ రకం మందులకు ఆ హద్దు ఇంకా తక్కువ, నెలకు 10 రోజులే. ఇది చాలామందికి తెలియదు. నొప్పి వస్తోందని మాత్ర వేసుకుంటారు, మాత్ర ప్రభావం తగ్గగానే మళ్ళీ నొప్పి వస్తుంది, మళ్ళీ మాత్ర. ఈ చక్రంలో ఉన్న మనిషికి బయోఫీడ్‌బ్యాక్ నేర్పినా పెద్దగా అంటదు. కాబట్టి ముందు మీ డాక్టర్ దగ్గరకు వెళ్ళి నెలకు ఎన్ని రోజులు ఏ మాత్ర వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. మాత్రలు ఎలా తగ్గించాలో, మైగ్రేన్ రాకుండా వేరే మందు అవసరమో కాదో ఆయన చూసి చెప్తారు. మీ అంతట మీరే ఒక్కసారిగా ఆపేయవద్దు. స్కాన్ బాగుందని ధీమాగా కూడా ఉండిపోవద్దు. ఎప్పుడూ రానంత తీవ్రమైన నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినా, జ్వరంతో మెడ వంగకపోయినా, మాట తడబడినా, చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పినా అదే క్షణం ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక బయోఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటో చూద్దాం. చీకట్లో బాణాలు వేసే మనిషికి ఎన్నేళ్ళు సాధన చేసినా గురి కుదరదు, ఎందుకంటే బాణం ఎక్కడ పడిందో కనిపించదు. మన శరీరం లోపల జరిగే చాలా పనుల విషయంలో మన పరిస్థితి అదే. నుదుటి కండరం ఎంత బిగిసిందో, వేళ్ళలోకి రక్తం ఎంత వస్తోందో, ఊపిరితో పాటు గుండె వేగం ఎలా మారుతోందో మనకు తెలియదు. సెన్సర్ ఆ పనిని కొలిచి అప్పటికప్పుడు గీతగానో శబ్దంగానో చూపిస్తుంది. అంతే, ఆ యంత్రం చేసే పని అంతవరకే. అది మీ ఒంట్లోకి కరెంటు పంపదు, ఏ కిరణాలూ పంపదు, నయం చేయదు. బాణం ఎక్కడ పడిందో కనిపించడం మొదలయ్యాక గురి నేర్చుకునేది మీరే.

ఈ నేర్చుకోవడం ఎంత సూక్ష్మంగా జరుగుతుందో చెప్పడానికి ఒక పాత ప్రయోగం ఉంది. జాన్ బాస్‌మాజియన్ అనే శాస్త్రవేత్త 1963లో సైన్స్ పత్రికలో రాశారు. కండరంలోకి సన్నని తీగ దింపి, ఒకే ఒక్క నరం కింద పనిచేసే చిన్న కండరపోగుల గుంపు నుంచి వచ్చే చప్పుడును మనుషులకు స్పీకర్‌లో వినిపించారు. కొద్దిసేపట్లోనే వాళ్ళు ఆ ఒక్క గుంపును కావాలన్నప్పుడు పనిచేయించగలిగారు, ఆపగలిగారు. కొందరైతే దానితో దరువులు కూడా వేయించారు. వినిపించనంతకాలం ఆ గుంపు ఉన్నట్టు కూడా వాళ్ళకు తెలియదు. పక్షవాతం తర్వాత చేతులు, కాళ్ళకు చేయించే కండరాల బయోఫీడ్‌బ్యాక్‌కు ఇలాంటి ప్రయోగాలే పునాది వేశాయి.

మీ విషయంలో సెషన్ ఎలా ఉంటుందో చెప్తాను. నుదుటి మీదా, మెడ నుంచి భుజానికి దిగే కండరం మీదా బిళ్ళల్లాంటి సెన్సర్లు అంటిస్తారు. తెర మీద ఒక గీత కదులుతూ ఉంటుంది, అది మీ కండరాల బిగువు. "భుజాలు వదిలేయండి" అంటే దాదాపు అందరూ "వదిలేశానండీ" అంటారు. నిజంగానే వదిలేశామనుకుంటారు. గీత మాత్రం పైనే ఉంటుంది. అప్పుడు భుజాలను కావాలని చెవుల దాకా ఎత్తి, ఒక్కసారిగా జారవిడవమంటారు. గీత కిందికి దిగుతుంది, కానీ ఆఫీసులో వచ్చిన ఒక చికాకు మెసేజ్ గురించి తలచుకోమనగానే తిరిగి ఎక్కుతుంది. మీరు కుర్చీలో కదలలేదు, వేలు కూడా ఎత్తలేదు. అయినా కండరం పనిలోకి దిగిపోయింది. దవడ సంగతి మరీ విచిత్రం. పెదాలు మూసి, పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య కాస్త సందు ఉంచమంటే నుదుటి గీత కూడా దిగుతుంది. చాలామంది పగలంతా పళ్ళు బిగించి పనిచేస్తారు, ఆ సంగతి వాళ్ళకు తెర మీద చూసేదాకా తెలియదు.

ఇలా రెండు మూడు సెషన్లు గడిచాక మీకు ఒక కొత్త శక్తి వస్తుంది. బిగువు నొప్పిగా మారకముందే, పొద్దున పదకొండింటికే, "భుజాలు ఎక్కాయి" అని తెలుస్తుంది. వైద్యం అంతా ఆ గుర్తుపట్టడంలోనే ఉంది. సాయంత్రం అయ్యాక వదిలించుకోవడం కష్టం. పదకొండింటికి అర నిమిషం చాలు.

మైగ్రేన్‌కి వాడేది వేరే పద్ధతి. చేతివేలికి చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ కడతారు. మనం టెన్షన్‌లో ఉన్నప్పుడు వేళ్ళలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేళ్ళు చల్లబడతాయి. స్థిమితపడితే నాళాలు తెరుచుకుని వేళ్ళు వెచ్చబడతాయి. 1970ల మొదట్లో అమెరికాలోని మెనింజర్ ఫౌండేషన్‌లో ఎల్మర్ గ్రీన్ బృందం ఇలాంటి శిక్షణ ఇస్తున్నప్పుడు, మైగ్రేన్ వదిలే సమయంలో చేతులు గబగబా వెచ్చబడటం గమనించింది. అక్కడి నుంచే ఈ పద్ధతి పుట్టింది. ఇందులో తమాషా ఏమిటంటే, "వెచ్చబడాలి, వెచ్చబడాలి" అని పట్టుబట్టేవాళ్ళకు వేళ్ళు ఇంకా చల్లబడతాయి. పట్టుదలే ఇక్కడ అడ్డం. చేతులు బరువుగా ఉన్నాయి, వెచ్చగా ఉన్నాయి అనుకుంటూ, ఫలితం కోసం తొందరపడకుండా వదిలేసినప్పుడే అంకె పైకి జరుగుతుంది. జీవితంలో అన్నీ గట్టిగా పట్టుకుని నెగ్గుకొచ్చినవాళ్ళకు ఇదే అన్నిటికంటే కష్టమైన పాఠం. మీ ఉత్తరం చదివితే మీరూ ఆ కోవకే చెందుతారనిపించింది, అందుకే ముందుగా చెప్తున్నాను. మొదటి రెండు సెషన్లలో అంకె దిగితే నిరుత్సాహపడకండి.

ఇది పనిచేస్తుందనడానికి ఆధారాలు గట్టివే. అమెరికా నాడీవైద్యుల సంస్థ భాగస్వామ్యంతో 2000లో వచ్చిన మైగ్రేన్ మార్గదర్శకాల్లో, మైగ్రేన్‌ను నివారించడానికి రిలాక్సేషన్‌తో కలిపి ఇచ్చే వేళ్ళవేడి బయోఫీడ్‌బ్యాక్‌కూ, కండరాల బయోఫీడ్‌బ్యాక్‌కూ మందులు కాని చికిత్సల్లో అత్యున్నత స్థాయి ఆధారం ఉందన్నారు. 2007లో జర్మనీ పరిశోధకులు నెస్టోరియుక్, మార్టిన్ మైగ్రేన్ మీద జరిగిన 55 అధ్యయనాలను కలిపి చూసి ఓ మోస్తరు మేలు ఉందనీ, అది నిలుస్తుందనీ తేల్చారు. బిగుసుకుపోయే తలనొప్పికి మేలు ఇంకా ఎక్కువే కనిపించింది. ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. యంత్రం లేకుండా, కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదలడం లాంటి రిలాక్సేషన్ శిక్షణ శ్రద్ధగా చేసినవాళ్ళకు కూడా చాలా అధ్యయనాల్లో ఇంచుమించు ఇంతే ఫలితం వచ్చింది. కాబట్టి మీకు అందుబాటులో బయోఫీడ్‌బ్యాక్ లేకపోయినా దారి మూసుకుపోలేదు. మంచి ఫిజియోథెరపిస్టు దగ్గరో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరో ఆ శిక్షణ నేర్చుకోవచ్చు.

సెషన్లు ఎన్ని? తలనొప్పికి సాధారణంగా 8 నుంచి 12 వరకు సరిపోతాయి. కానీ ఫలితం సెషన్ల సంఖ్యలో లేదు, రోజూ ఇంట్లో చేసే సాధనలో ఉంది. వారానికి ఒక్క గంట యంత్రం ముందు కూర్చుని మిగతా ఆరు రోజులు మరిచిపోతే ఏమీ మారదు. మంచి థెరపిస్టు మూడో నాలుగో సెషన్ నుంచే తెరను అటు తిప్పేసి, "ఇప్పుడు బిగువు ఎంత ఉందో మీరే చెప్పండి" అని అడుగుతారు. మీరు చెప్పిందీ యంత్రం చూపిందీ ఒకటవుతున్నాయంటే ఇక యంత్రంతో పని తీరుతున్నట్టే.

ఊపిరి సాధన మీరు ఈరోజే మొదలుపెట్టవచ్చు. మనం గాలి పీల్చినప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. నిమిషానికి సుమారు ఆరు ఊపిరుల వేగంతో శ్వాసిస్తే ఈ ఎగుడుదిగుడు అన్నిటికంటే పెద్దదవుతుంది, ఎందుకంటే రక్తపోటును సరిచేసే మన సహజ వ్యవస్థ కూడా దాదాపు అదే లయలో ఊగుతుంది. రష్యా నుంచి వచ్చిన వాస్చిల్లో, అమెరికాకు చెందిన లేరర్ ఈ సూత్రం మీదే గుండెలయ బయోఫీడ్‌బ్యాక్‌ను తీర్చిదిద్దారు. ఆందోళన, ఒత్తిడి తగ్గడానికి దీనికి మంచి ఫలితాలే ఉన్నాయి. మనిషిని బట్టి సరైన వేగం నాలుగున్నర నుంచి ఆరున్నర ఊపిరుల మధ్య ఉంటుంది. మీరు నాలుగు సెకన్లు పీల్చి, ఆరు సెకన్లు వదులుతూ పది నిమిషాలు చేయండి, పొద్దునొకసారి, పడుకునే ముందొకసారి. లోతుగా, నిండుగా పీల్చాలని ప్రయత్నించవద్దు. చాలామంది ఇక్కడే పొరబడతారు. నెమ్మదిగా అంటే ఎక్కువ గాలి అని కాదు. ఎక్కువ గాలి లాగితే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అలా అనిపిస్తే మామూలుగా ఊపిరి తీసుకుని, తర్వాత ఇంకా తేలికగా మొదలుపెట్టండి.

ఇక ఆ రంగుల బొమ్మ సంగతి. మనిషి మెదడు నుంచి వచ్చే విద్యుత్తును మొదటిసారి 1924లో జర్మనీలో హన్స్ బెర్గర్ నమోదు చేశారు. ఆ సంకేతం చాలా బలహీనమైనది. గుండె ఈసీజీలో కనిపించేది సుమారు ఒక మిల్లీవోల్టు అయితే, మెదడు నుంచి నెత్తి చర్మం దాకా చేరేది మామూలుగా అందులో పదోవంతుకు మించదు. కనురెప్ప కొట్టినా, దవడ బిగించినా, నుదురు ముడిచినా వచ్చే విద్యుత్తు దీన్ని సులువుగా ముంచేస్తుంది. ముఖ్యంగా నుదుటి కండరాలు, దవడ కండరాలు బిగిసి ఉంటే ఆ విద్యుత్తు సరిగ్గా బీటా తరంగాలు ఉండే వేగాల్లోకే వచ్చి కలుస్తుంది. ఇప్పుడు మీ గురించి ఆలోచించండి. రోజంతా నుదురూ మెడా బిగుసుకుపోయే మనిషి తలకు వైర్ల టోపీ పెట్టి, బీటా ఎక్కువ ఉందన్నారు. అది మెదడుది కాక మీ నుదుటి కండరానిదే అయ్యుండవచ్చు. కొన్ని నిద్రమాత్రలు, ఆందోళనకు ఇచ్చే కొన్ని మందులు కూడా బీటాను పెంచుతాయి. ఇవన్నీ వడకట్టి చదవడానికి ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్తును నమోదు చేసే పరీక్షలో, బాగా చెయ్యి తిరిగినవాళ్ళు కావాలి. బొమ్మలో ఎరుపు కనబడినంత మాత్రాన అక్కడ జబ్బు ఉన్నట్టు కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సగటు మనుషుల లెక్కకు మీ లెక్క కాస్త దూరంగా ఉందని మాత్రమే అర్థం.

న్యూరోఫీడ్‌బ్యాక్ వెనక శాస్త్రం లేదని అనను. 1960ల్లో బ్యారీ స్టెర్మన్ పిల్లుల మెదడులో సెకనుకు 12 నుంచి 15 సార్లు ఊగే ఒక తరంగం వచ్చినప్పుడల్లా వాటికి ఆహారం పెట్టి, ఆ తరంగాన్ని పెంచడం నేర్పారు. తర్వాత రాకెట్ ఇంధనం విషప్రభావం మీద వేరే ప్రయోగం చేస్తున్నప్పుడు, ఆ శిక్షణ పొందిన పిల్లులు మూర్ఛను మిగతావాటికంటే ఎక్కువసేపు తట్టుకున్నాయి. పిల్లులకు నమ్మకాలూ ఆశలూ ఉండవు కాబట్టి ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఆ దారిలోనే మనుషుల్లో మూర్ఛకు, తర్వాత జోయెల్ లూబార్ లాంటివాళ్ళ ద్వారా ఏడీహెచ్‌డీకి ప్రయత్నాలు జరిగాయి. చాలా ఆశలు పుట్టాయి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూసినప్పుడు. నిద్రలేమి మీద 2017లో ఆస్ట్రియాలో షాబుస్ బృందం అలాగే పోల్చింది. నిజమైన న్యూరోఫీడ్‌బ్యాక్ తీసుకున్నప్పుడూ ఉత్తుత్తిది తీసుకున్నప్పుడూ రోగులకు బాగానే అనిపించింది, కానీ రెండిటికీ తేడా కనిపించలేదు. కాబట్టి నిద్ర కోసం ఆ 40 సెషన్లు వద్దు. దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్ళకు మొదట ఇవ్వాల్సింది నిద్రలేమి కోసమే రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే నిద్రకు అడ్డొచ్చే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే శిక్షణ. అది దొరికేలోగా ఒక్కటి చేయండి. ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవండి, సెలవు రోజుల్లో కూడా. మైగ్రేన్‌కి కూడా అది మంచిదే.

బాబు సంగతి మీరు ఉత్తరంలో రెండు మూడు వాక్యాల్లో రాశారు గానీ, మీ మనసంతా అక్కడే ఉందని తెలుస్తోంది. పిల్లవాడికి మందు వేయాలంటే ఏ తల్లికైనా గుండె బరువెక్కుతుంది. మందు అక్కర్లేదని ఎవరైనా అంటే వినాలనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఈ విషయంలో ఇప్పటిదాకా జరిగిన పరీక్షల్లో బాగా పకడ్బందీగా చేసినదాని గురించి మీకు తెలియాలి. 2021లో వెలువడిన అమెరికా పరీక్షలో 7 నుంచి 10 ఏళ్ళ వయసున్న 140 మందికి పైగా ఏడీహెచ్‌డీ పిల్లలు పాల్గొన్నారు. కొందరికి తమ మెదడు తరంగాలతోనే ఆట నడిచింది. మిగతావాళ్ళకు ఇంకో పిల్లవాడి దగ్గర ముందే రికార్డు చేసిన తరంగాలతో నడిచింది. ఎవరికీ అనుమానం రాకుండా, ఆట ఆడుతున్న పిల్లవాడే కనురెప్ప కొట్టినప్పుడూ కదిలినప్పుడూ వచ్చే గుర్తులను అందులో కలిపేశారు. పిల్లలకు తెలియదు, తల్లిదండ్రులకు తెలియదు, దగ్గర కూర్చున్న శిక్షకులకూ తెలియదు. చివరికి రెండు గుంపుల్లోనూ పిల్లల శ్రద్ధ మెరుగైంది. ఏడాది తర్వాత చూసినా ఆ మెరుగుదల నిలిచింది. కానీ రెండు గుంపులకూ తేడా లేదు.

దీన్ని బట్టి నాకు అర్థమయ్యేది ఇది. వారానికి మూడుసార్లు ఒక పెద్దమనిషి ఓపిగ్గా పిల్లవాడి పక్కన కూర్చుంటున్నారు. కదలకుండా కూర్చుంటే మెచ్చుకుంటున్నారు. వాడు తిట్లు తినని ఒక చోటు వాడికి దొరికింది. ఇంట్లోవాళ్ళు కూడా "వాడు బాగుపడుతున్నాడు" అన్న కళ్ళతో చూస్తున్నారు. పిల్లవాడు మెరుగుపడటానికి ఇవన్నీ నిజమైన కారణాలే. వీటికి వైర్లు అక్కర్లేదు. ఆ పరీక్షలో చూసింది ఒక్క రకం న్యూరోఫీడ్‌బ్యాక్‌నే, వేరే రకాల మీద వాదన ఇంకా నడుస్తోంది, నిజమే. కానీ మందు అక్కర్లేదని తల్లికి మాటివ్వడానికి ఆ వాదన చాలదు. టోపీ బొమ్మ చూసి ఏడీహెచ్‌డీ ఉందో లేదో చెప్పడం కూడా కుదరదు. ఈఈజీ లెక్కను మామూలు వైద్య పరీక్షకు బదులుగా వాడవద్దని అమెరికా నాడీవైద్యుల సంస్థ 2016లోనే హెచ్చరించింది.

కాబట్టి బాబు డాక్టర్ దగ్గర మీ భయాలన్నీ బయటపెట్టండి: ఆకలి తగ్గుతుందా, నిద్ర చెడుతుందా, ఎదుగుదల ఎలా చూస్తారు, ఎన్నాళ్ళు వాడాలి, ఎప్పుడు ఆపి చూస్తారు. మందుతో పాటు, తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ కూడా అడగండి. పనిని చిన్న ముక్కలుగా ఎలా చెప్పాలి, మెచ్చుకోలు వెంటనే ఎలా ఇవ్వాలి, బడిలో టీచర్‌తో ఎలా కలిసి పనిచేయాలి, ఇవన్నీ నేర్పిస్తారు. దీనికి మీరిద్దరూ కలిసి వెళ్ళండి. మీవారికి అనుమానించే గుణం ఉంది కదా, అది డాక్టర్ ముందు మంచి ప్రశ్నలు అడగడానికి బాగా పనికొస్తుంది.

ఆ సెంటర్‌ని పూర్తిగా వదిలేయాలా అంటే, వాళ్ళ దగ్గర కండరాల సెన్సర్, వేళ్ళ ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్నాయేమో, తలనొప్పికి వాటితో శిక్షణ ఇస్తారేమో అడగండి. శిక్షణ ఇచ్చే మనిషి ఏం చదివారో తెలుసుకోండి. సైకాలజీ, ఫిజియోథెరపీ, నర్సింగ్, వైద్యం లాంటి చదువు ఉండి, దాని మీద బయోఫీడ్‌బ్యాక్ నేర్చుకుని ఉండాలి. బీసీఐఏ అనే అంతర్జాతీయ సంస్థ 1981 నుంచి దీనికి సర్టిఫికెట్ ఇస్తోంది, అది ఉంటే మంచిదే. యంత్రం అమ్మిన కంపెనీ ఇచ్చిన రెండు రోజుల ట్రైనింగ్ ఒక్కటే ఉంటే చాలదు. ఆరు సెషన్లయ్యాక తలనొప్పి రోజులు తగ్గకపోతే ఏం చేస్తారని అడగండి. "ఆపి, మళ్ళీ ఆలోచిద్దాం" అనేవాళ్ళ దగ్గర చేరండి. "ఇంకో 40 తీసుకోవాలి" అనేవాళ్ళ దగ్గర వద్దు. డబ్బు సెషన్‌కి సెషన్ కట్టండి. మందులు మానేయండి అనే మాట ఎవరి నోట వచ్చినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మూర్ఛ మందు సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. బీపీకి, షుగర్‌కి మందులు వాడేవాళ్ళు రిలాక్సేషన్ సాధన మొదలుపెడితే మోతాదు మార్చాల్సి రావచ్చు, అది డాక్టర్ లెక్కలు చూసి చేయాల్సిన పని.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్తాను, చదివేవాళ్ళలో ఎవరికైనా అవసరం కావచ్చు. బయోఫీడ్‌బ్యాక్‌కు చాలా గట్టి ఆధారం ఉన్న చోటు గురించి ఎవరూ పైకి మాట్లాడరు. కొందరికి మలబద్ధకం పేగు మందగించి రాదు. ముక్కేటప్పుడు వదులు కావాల్సిన కండరం తెలియకుండా బిగుసుకోవడం వల్ల వస్తుంది. ఏళ్ళ తరబడి విరేచనాల మందులు మింగుతూ సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు. పరీక్షలో ఆ కారణమే అని తేలితే వాళ్ళకు మందులకంటే బయోఫీడ్‌బ్యాక్ మెరుగ్గా పనిచేస్తుంది. గ్యాస్ట్రో డాక్టర్‌ని ధైర్యంగా అడగండి. దగ్గినప్పుడు మూత్రం పడిపోయే ఆడవాళ్ళ విషయం వేరు. ఆ కండరాల వ్యాయామం వాళ్ళకు చాలా మేలు చేస్తుంది, 1948లో కెగెల్ అనే వైద్యుడు ఒత్తిడి కొలిచే పరికరంతోనే దాన్ని నేర్పారు. కానీ 2020లో బ్రిటన్‌లో 600 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరీక్షలో, వ్యాయామం బాగా నేర్పినప్పుడు యంత్రం అదనంగా ఇచ్చిన లాభం ఏమీ లేదని తేలింది.

చేతి గడియారాలు, తలకు పెట్టుకునే బ్యాండ్ల గురించి కూడా మీకు అనుమానం రావచ్చు. కదలకుండా కూర్చుని ఊపిరి సాధన చేసేటప్పుడు గుండె వేగం చూసుకోవడానికి గడియారం ఫర్వాలేదు. అది చూపించే స్ట్రెస్ మార్కులను మాత్రం పట్టించుకోకండి. ఆ అంకె చూసి కంగారుపడి, ఆ కంగారుతో అంకె ఇంకా పెరిగేవాళ్ళు ఉన్నారు. తల బ్యాండ్ మీకు అస్సలు వద్దు, మీ నుదుటి బిగువునే అది మెదడు అనుకుంటుంది.

చేయాల్సిన పని చిన్నది. రేపటి నుంచి ఒక నోటుపుస్తకంలో రోజుకు ఒక్క వరస రాయండి: తలనొప్పి వచ్చిందా, పట్టీ రకమా, ఒక పక్క పోటా, పదికి ఎంత, ఏ మాత్ర వేసుకున్నారు, ఎన్ని గంటలు నిద్రపోయారు, నెలసరి రోజులా. నాలుగు వారాలు రాసి డాక్టర్‌కి చూపించండి, బయోఫీడ్‌బ్యాక్ మొదలుపెట్టినా రాయడం ఆపకండి. మూడు నెలలయ్యాక తలనొప్పి రోజులు, మాత్రల రోజులు లెక్కపెట్టి మొదటి నెలతో పోల్చండి. సగానికి తగ్గితే చాలా మంచి ఫలితం. తగ్గకపోతే ఆ పుస్తకం తీసుకుని మళ్ళీ రాయండి, ఇంకో దారి చూద్దాం.